చేతికొచ్చిన పని

ఒడిశాలోని రాయగడలోనో, గుణుపురంలోనో, జయపురంలోనో ఇంట్లో తెలుగు, బళ్లో ఒడియా, సంతలో దేశియా మాట్లాడుతూ పెరిగి, ప్లస్ టూ అయ్యాక 108 బండిలో ఈఎంటీ (ఎమర్జెన్సీ మెడికల్ టెక్నీషియన్)గా చేరదామా వద్దా అని ఆలోచిస్తున్నవాళ్ల కోసం ఈ అధ్యాయం. చేరమనే నా సలహా. కాకపోతే ఆ ఉద్యోగం అనగానే చాలామందికి సైరన్ మోత, బండి వేగం, లోపల మెరిసే యంత్రాలు గుర్తొస్తాయి. కాశీపూర్ కొండల్లో ప్రాణాలు నిలబెట్టేవి ఇవేవీ కావు. వేళ్లమీద లెక్కపెట్టగలిగినన్ని పనులు, అర్ధరాత్రి లేపి చేయమన్నా వరస తప్పకుండా చేసే చేయి, తన హద్దు ఎక్కడుందో తెలిసిన బుద్ధి ఉంటే ఈఎంటీ తయారైనట్టే. తక్కువ పనులు నేర్చుకుని వాటిని పూర్తిగా వశం చేసుకోవడం చిన్న ఆశయంలా కనిపించవచ్చు. ఆ చోటికి, ఆ దూరాలకు అంతకంటే పెద్ద ఆశయం లేదని చూపించడమే నా ప్రయత్నం.

ముందు ఆ చోటును చూద్దాం. 1992లో కోరాపుట్ నుంచి విడదీసి ఏర్పరచిన రాయగడ జిల్లాలో వాయవ్యపు మూలనున్న కొండల బ్లాకు కాశీపూర్. కోందులు, ఝోడియా పరజలు, డొంబులు ఉండే ఊళ్లు. కొన్ని ఊళ్లంటే పదీ ఇరవై గడపలే. జిల్లా ఆసుపత్రి ఉన్న రాయగడకు ఘాట్ రోడ్డులో సుమారు అరవై కిలోమీటర్లు పైనే పడుతుంది. అక్కడా కుదరకపోతే కోరాపుట్‌లో 2017లో మొదలైన శహీద్ లక్ష్మణ్ నాయక్ వైద్య కళాశాలకో, కొండలు దిగి విశాఖ కేజీహెచ్ ఆసుపత్రికో పోవాలి. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడేదాకా ఈ సీమలో చాలా భాగం విశాఖపట్నం జిల్లాలోదే. సరిహద్దు గీత మారినా పెద్ద జబ్బు చేస్తే విశాఖ వైపు చూసే అలవాటు మాత్రం పోలేదు. తారురోడ్డు ఆగినచోట బండీ ఆగుతుంది. అక్కణ్నించి పైకి మంచమో డోలీయో, నలుగురి భుజాలో దిక్కు. పార్వతీపురం మన్యంలో, పాడేరులో డోలీ మోతల వార్తలు చదివే తెలుగువాళ్లకు ఈ దృశ్యాన్ని వివరించక్కర్లేదు. నగరంలో ఈఎంటీ చేతిలో రోగి ఉండేది పావుగంటో అరగంటో. ఇక్కడ గంటన్నర, ఒక్కోసారి రెండు గంటలు. అంతసేపూ ఆ రోగికి ఉన్న వైద్యమంతా ఆ ఒక్క మనిషే.

ఈ కొండల్లో ఎమర్జెన్సీ అంటే రోడ్డు ప్రమాదం, గుండెపోటు మాత్రమే అనుకుంటే పొరపాటు. 2007 వానాకాలంలో కాశీపూర్, కోరాపుట్ జిల్లా దశమంతపూర్, కలహండి జిల్లా తుఅముల్ రాంపూర్ ప్రాంతాల్లో కలరా వ్యాపించింది. 2022 జులైలో మళ్లీ కాశీపూర్ బ్లాకులోనే వచ్చి ప్రాణాలు తీసింది. కలరా రోగిని దగ్గరగా చూస్తే ఈఎంటీ పని ఏమిటో తెలిసిపోతుంది. కళ్లు గుంటలు పడతాయి. నాలుక ఎండి కర్రలా ఉంటుంది. పొట్టమీది చర్మాన్ని రెండు వేళ్లతో పట్టి వదిలితే వెంటనే సర్దుకోక మడతలాగే నిలిచిపోతుంది. మణికట్టు దగ్గర నాడి వెతికినా దొరకదు. విరేచనం బియ్యం కడిగిన నీళ్లలా ఉంటుంది. వ్యాధి ముదిరితే గంటకు లీటరు దాకా నీరు పోతుంది. యాభై కిలోల మనిషి ఆ స్థితికి వస్తే మూడు గంటల్లో ఐదు లీటర్ల రింగర్ లాక్టేట్ ఎక్కించాలని వైద్య నియమం. అందులో లీటరున్నర మొదటి అరగంటలోనే వెళ్లాలి. అంటే కొండ దిగేలోపే సగం వైద్యం నడవాలి. రోగి తాగగలిగితే ఓఆర్ఎస్. లీటరు నీళ్లకు ఒక ప్యాకెట్, గుక్కెడు గుక్కెడుగా, వాంతి అయితే పది నిమిషాలు ఆగి మళ్లీ. ఇదంతా నేర్చుకోవడానికి డిగ్రీ అక్కర్లేదు. తప్పకుండా చేయడానికి మాత్రం చాలా సాధన కావాలి.

దీనికి మన దేశంలోనే గొప్ప రుజువుంది. 1971లో బంగ్లాదేశ్ యుద్ధం నాటి బొంగావ్ శరణార్థి శిబిరంలో కలరా చెలరేగి సెలైన్ నిల్వలు అయిపోతే, డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు, సోడా కలిపిన నీటిని డ్రమ్ముల్లో నింపి, రోగుల చేత తాగించే పనిని వాళ్ల బంధువులకే అప్పగించారు. ముప్ఫై శాతం దాకా ఉన్న మరణాలు, ఆ నీళ్లు తాగినవాళ్లలో 3.6 శాతానికి దిగాయి. ఆ గ్లాసు పట్టుకున్న చేతులు డాక్టర్లవి కావు. పని సరైనది, వరస సరైనది, పైన ఒక డాక్టరు కన్ను ఉంది.

ఇంకో దృశ్యం కట్లపాముది. రాత్రిపూట నేలమీద పడుకున్నవాళ్లను కరుస్తుంది. కాటు చోట వాపు, నొప్పి అంతగా ఉండవు కాబట్టి పాము కరిచిందనే తెలియకపోవచ్చు. తెల్లవారుజామున రోగి కడుపునొప్పి అంటాడు. కనురెప్పలు వాలిపోతాయి, మాట ముద్దగా వస్తుంది, తర్వాత ఊపిరి తీసే కండరాలు చచ్చుబడతాయి. విషానికి విరుగుడైన ఏఎస్‌వీ ఆసుపత్రిలో ఉంటుంది. దారిలో ఈఎంటీ చేతిలో ఉండేది ఊపిరి అందించే సంచి, అంబు బ్యాగ్. ఎడమచేతి బొటనవేలు, చూపుడువేలు మాస్కును ముఖానికి అదిమిపట్టాలి, మిగతా మూడు వేళ్లు దవడ ఎముకను పైకి లేపాలి, కుడిచేయి ఐదారు సెకన్లకోసారి సంచిని నొక్కాలి. రొమ్ము లేస్తోందా అని ప్రతిసారీ చూడాలి. గంటన్నర ప్రయాణానికి లెక్క వేస్తే సుమారు తొమ్మిది వందల నొక్కులు. మలుపుల రోడ్డులో, కుదుపుల్లో, ఒక్కటీ జారకూడదు. ఎదురుగా రోగి కళ్లు మూతపడి ఉంటాయి గానీ లోపల స్పృహ ఉండవచ్చు, చెవులు వింటూ ఉండవచ్చు. అందుకే ఈఎంటీ నోరు కూడా పనిచేయాలి. అతని భాషలో ధైర్యం చెబుతూనే ఉండాలి. కట్టు బిగించడం, గాటు పెట్టడం, విషం పీల్చడం వంటివి ఎవరైనా చేయబోతే ఆపడమూ ఆ పనిలో భాగమే.

యంత్రాలు, పెద్ద మందులు పెంచితే ఇంకా మేలు కదా అని అడగవచ్చు. కెనడాలోని ఒంటారియోలో దీన్ని పరీక్షించారు. 2004లో వచ్చిన ఫలితం ప్రకారం, వెంటనే షాక్ ఇచ్చే ఏర్పాటు అప్పటికే బాగా నడుస్తున్న పట్టణాల్లో, గుండె ఆగినవాళ్లకు శ్వాసనాళంలో గొట్టం వేయడం, నరానికి మందులివ్వడం అదనంగా చేర్చినా బతికి ఇంటికి వెళ్లినవాళ్లు 5.0 శాతం నుంచి 5.1 శాతానికే మారారు. పక్కనున్న మనిషి సీపీఆర్ మొదలుపెట్టడం, షాక్ త్వరగా అందడం తెచ్చిన లాభం దానికంటే చాలా ఎక్కువ. అయితే ఇక్కడ నిజాయితీగా రెండో సగమూ చెప్పాలి. అదే పరిశోధన బృందం 2007లో ఊపిరాడని రోగులను లెక్కించినప్పుడు, పైస్థాయి నైపుణ్యం వల్ల మరణాలు 14.3 శాతం నుంచి 12.4 శాతానికి తగ్గాయి. కనుక పై చదువు వృథా అని నేను అనడం లేదు. పునాది లేనిచోట పై అంతస్తు నిలవదని, పునాది వేశాక ముందుగా ఊపిరి వైపు గది కట్టుకోమని ఆ లెక్కల అర్థంగా తీసుకుంటున్నాను.

కాశీపూర్‌కు ఒంటారియో కంటే దగ్గరి పోలిక ఉత్తర ఇరాక్, కంబోడియా. మందుపాతరలు, యుద్ధగాయాలు నిండిన ఆ పల్లెల్లో నార్వే వైద్యుడు హాన్స్ హూసుమ్ బృందం 1997 నుంచి 2001 దాకా 135 మంది స్థానిక పారామెడిక్కులకు, వాళ్ల కింద 5,200 మంది గ్రామస్థులకు శిక్షణ ఇచ్చింది. ఆసుపత్రికి చేరే సమయం సగటున దాదాపు ఆరు గంటలు. అక్కడ హెలికాప్టర్లు దిగలేదు, ఆసుపత్రులు దగ్గరికి జరగలేదు. దెబ్బ తగిలాక మొదటి సాయం అందే సమయం మాత్రం బాగా తగ్గింది. గాయపడినవారిలో మరణాలు 40 శాతం నుంచి 14.9 శాతానికి వచ్చాయి. నా దృష్టిలో కొండప్రాంతపు ఈఎంటీలందరూ తెలుసుకోవలసిన పరిశోధన ఇదే. దూరాన్ని తగ్గించలేకపోయినా ఆ దూరంలో మొదటి చేయి ఎప్పుడు పడిందన్నది మన వశంలో ఉంటుంది. ఈఎంటీ ఒక్కడే పరుగెత్తితే సరిపోదు, తనకంటే ముందే అక్కడున్న ఆశా దీదీకి, అంగన్‌వాడీ కార్యకర్తకు, ఊరి కుర్రాళ్లకు నాలుగు పనులు నేర్పి ఉండాలి. నెత్తురు కారే చోట గట్టిగా అదిమిపట్టడం, స్పృహ లేనివాణ్ని పక్కకు తిప్పి పడుకోబెట్టడం, ఓఆర్ఎస్ కలపడం, కాన్పయిన తల్లికి నెత్తురు ఆగకపోతే ఫోన్ చేస్తూనే పొత్తికడుపు మీద గర్భసంచిని గట్టిపడేదాకా రుద్దడం. ఆ పాఠం కోందుల భాష కువిలోనో దేశియాలోనో చెప్పగలిగిన ఈఎంటీ ముందు, భాష రాని నిపుణుడు సగం మనిషే.

ఇక శిక్షణ మాట. 108 పుట్టింది మన హైదరాబాదులోనే, 2005 ఆగస్టు 15న. ఆ నమూనా తర్వాత రాష్ట్రాలు దాటి 2013లో ఒడిశాకు చేరింది. బండ్లు పెరిగిన వేగంతో మనుషుల్ని తయారుచేయాలి కాబట్టి కొన్ని వారాల తరగతులు, కొన్నాళ్లు ఆసుపత్రి వార్డుల్లో పని చూపించి బండెక్కించే పద్ధతి వచ్చింది. దాంతోపాటు 108ను మొదలుపెట్టిన ఈఎంఆర్ఐ సంస్థ అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ వైద్యులతో కలిసి రెండేళ్ల కోర్సూ నడిపింది. ఇప్పుడు బీఎస్సీ స్థాయిలో ఎమర్జెన్సీ కోర్సులూ ఉన్నాయి. ఏ కోర్సు అయినా, చేరేముందు మీరు అడగవలసినవి ఫీజు, హాస్టలు గురించి మాత్రమే కాదు. బొమ్మమీద సీపీఆర్ ఎన్నిసార్లు చేయిస్తారు, లేబర్ రూములో ఎన్ని కాన్పులు చూపిస్తారు, అనుభవమున్నవారి పక్కన ఎన్ని రాత్రులు బండిలో కూర్చోబెడతారు అని అడగండి. సీపీఆర్‌లాంటి నైపుణ్యం సాధన ఆగితే కొన్ని నెలల్లోనే చేతినుంచి జారిపోతుందని పరిశోధనలు పదేపదే చూపించాయి. సర్టిఫికెట్టు గోడమీద అలాగే ఉంటుంది, చేయి మాత్రం మరిచిపోతుంది. అందుకే ఉద్యోగంలో చేరాక కేసులు లేని మధ్యాహ్నాలు మీకు నిజమైన కళాశాల. పైలట్‌ను, అంటే బండి డ్రైవరును, రోగిగా పడుకోబెట్టి మాస్కు పట్టు సాధన చేయండి. కళ్లు మూసుకుని సక్షన్ ఎక్కడుందో, నంబరు రెండు ఎయిర్‌వే గొట్టం ఎక్కడుందో తడిమి తీయండి. షిఫ్టు మొదలవగానే ఆక్సిజన్ సిలిండరు మీటరు చూడటం, టార్చి వెలిగించి చూడటం, జులైలో ఓఆర్ఎస్, సెలైన్ రెట్టింపు పెట్టుకోవడం ఎవరూ చెప్పకుండానే జరగాలి.

నియంత్రణ అనే మాట వినగానే ఉద్యోగులకు సంకెళ్లు గుర్తొస్తాయి. నిజానికి మన దేశంలో ఈఎంటీలకు ఇన్నాళ్లూ నష్టం చేసింది నియంత్రణ లేకపోవడం. డాక్టరుకు, నర్సుకు రిజిస్టరు ఉంది, మండలి ఉంది. ఈఎంటీ ఎవరు, ఎంత చదవాలి, ఏం చేయవచ్చు అనేదానికి దేశమంతటికీ ఒక్క కొలత ఉండేది కాదు. 2021లో పార్లమెంటు చేసిన జాతీయ అనుబంధ, ఆరోగ్య వృత్తుల కమిషన్ చట్టం ఎమర్జెన్సీ మెడికల్ టెక్నాలజిస్టును తన జాబితాలో చేర్చింది. రాష్ట్ర మండళ్లు, నమోదు పట్టికలు, కనీసం రెండువేల గంటల చదువు అనే కొలతలు తెచ్చింది. అమలు నత్తనడక నడుస్తోందని 2024 ఆగస్టులో సుప్రీంకోర్టు కేంద్రానికి, రాష్ట్రాలకు గడువు పెట్టవలసి వచ్చింది. ఈ చట్టం పూర్తిగా నిలబడితే మీకు దొరికేది ఒక హద్దు. ఫలానా మందు నువ్వు ఇవ్వవచ్చు, ఫలానాది కాల్ సెంటరులోని డాక్టరు ఫోనులో చెబితేనే ఇవ్వాలి, ఫలానాది ముట్టుకోకూడదు. సాక్ష్యం కావాల్సిన రోజున ఆ గీతే మీ రక్ష. రోగి చనిపోయి ఊరంతా బండి చుట్టూ చేరినప్పుడు, నేను చేయవలసిందంతా చేశాను, ఇదిగో రాత, ఇదిగో డాక్టరు చెప్పిన సమయం అని చూపించగలిగిన మనిషి తలెత్తుకుని నిలబడతాడు. హద్దు తెలియనివాడు ఒక రోజు అతి ధైర్యంతో, మర్నాడు భయంతో తప్పు చేస్తాడు.

ఇక్కడ బలమైన అభ్యంతరం ఒకటుంది. విశాఖలో స్పెషలిస్టు, కాశీపూర్‌లో కొద్ది నెలల శిక్షణ పొందిన కుర్రాడా? ఆదివాసీకి రెండో రకం వైద్యమేనా? ఈ ప్రశ్నలో న్యాయముంది, దాటవేయకూడదు. బాక్సైటు కోసం కొండలు తవ్వేందుకు రోడ్డు వేయగలిగిన దేశం, కాన్పు నొప్పులు పడుతున్న తల్లి కోసం వేయలేదంటే అది డబ్బు లేమి కాదు. రోడ్డు, డాక్టరు, మంచినీటి బోరు, కాన్పుకు ముందే వచ్చి ఉండేందుకు ఒడిశా పెట్టిన 'మా గృహ' వసతులు, ఇవన్నీ గట్టిగా అడగాలి. కలరాకు అసలు మందు శుభ్రమైన నీరే. కానీ డాక్టరు వచ్చినా, ఆసుపత్రి ఊరి మధ్యే కట్టినా, పాము కరిచిన చోటికీ ఆసుపత్రి మంచానికీ మధ్య కొంత దూరం మిగులుతుంది. లండన్‌లోనూ అది ఉంది, అక్కడా ఆ దూరంలో ఉండేది పారామెడిక్కే. గడ్చిరోలిలో అభయ్ బంగ్, రాణీ బంగ్ పల్లె ఆడవాళ్లకు శిక్షణ ఇచ్చి పసికందుల మరణాలను 62 శాతం తగ్గించారని 1999లో లాన్సెట్ ప్రచురించింది. ఆ సేవను రెండో రకం అనడానికి నాకు నోరు రాదు. రెండో రకం అయ్యేది శిక్షణ సగంలో ఆపినప్పుడు, పైన డాక్టరు ఫోను ఎత్తనప్పుడు.

రెండో అభ్యంతరం దీనికి ఎదురుదిక్కు నుంచి వస్తుంది. రెండువేల గంటలు, డిప్లొమా, డిగ్రీ అంటే కొండ ఊళ్ల పిల్లలు గడప దాటకముందే తలుపు మూసినట్టు కాదా? అమెరికాలోని పిట్స్‌బర్గ్ చరిత్ర ఇందులో రెండు పాఠాలు చెబుతుంది. 1967లో అక్కడ ఫ్రీడమ్ హౌస్ అనే సేవ మొదలైంది. హిల్ డిస్ట్రిక్ట్ అనే నల్లజాతి పేటలో ఉద్యోగాలు దొరకవనుకున్న యువకులకు డాక్టర్ పీటర్ సాఫర్ సుమారు మూడు వందల గంటల శిక్షణ రూపొందించారు. తర్వాత డాక్టర్ నాన్సీ కరొలైన్ వాళ్లతో కలిసి పనిచేసి రాసిన పాఠ్యక్రమం దేశం మొత్తానికి నమూనా అయింది. ఎందుకూ పనికిరారన్నవాళ్లు ప్రపంచానికి పని నేర్పారు. కానీ 1975లో నగరపాలక సంస్థ సొంత సేవ పెట్టి ఫ్రీడమ్ హౌస్‌ను మూసేసింది. కొత్త పరీక్షల పేరుతో ఆ అనుభవజ్ఞుల్లో చాలామంది బయటికి పోయారు. కొలత పెట్టడం మంచిదే, ఆ కొలతను గేటులా వాడితే నష్టం. కాశీపూర్ లాంటి చోట నిచ్చెన కావాలి. కొన్ని నెలల కోర్సుతో మొదటి మెట్టు, బండిలో చేసిన ఏళ్లను లెక్కలోకి తీసుకునే డిప్లొమా రెండో మెట్టు, పరీక్ష ఒడియాలో, తెలుగులో రాసే వీలు. చట్టం అమల్లోకి వస్తున్న ఈ సమయంలోనే ఈ మాట రాష్ట్ర మండళ్లకు గట్టిగా చెప్పాలి.

జీతం తక్కువ, కాంట్రాక్టు ఉద్యోగం, పన్నెండు గంటల డ్యూటీ అనేది మూడో మాట. నిజమే. సేవాభావం పేరు చెప్పి దీన్ని కప్పిపుచ్చడం తప్పు. నిద్ర లేని చేయి మాస్కు సరిగా పట్టలేదు కాబట్టి డ్యూటీ గంటలు రోగికి సంబంధించిన సంగతే. రిజిస్టరులో పేరున్న వృత్తికి జీతం అడిగే గొంతు కూడా ఉంటుంది. అందాకా మీ పనికి మీరే ఒక పుస్తకం పెట్టుకోండి. తేదీ, కేసు రకం, చేసిన పని, సందేహం, తర్వాత తెలుసుకున్న జవాబు. రోగి పేరు రాయకండి. ఏడాదికి ఆ పుస్తకం మీ రెండో సర్టిఫికెట్టు అవుతుంది.

చివరి పని ఆసుపత్రి గుమ్మంలో జరుగుతుంది, చాలామంది పాడుచేసేదీ అక్కడే. స్ట్రెచర్ దించి కాగితం చేతిలో పెట్టి వెళ్లిపోతే గంటన్నర కష్టం సగం వృథా. రాయగడ జిల్లా ఆసుపత్రి క్యాజువాల్టీలో డ్యూటీ డాక్టరు మీకు అర నిమిషం ఇస్తారనుకోండి. ఆ అర నిమిషానికి మాటలు దారిలోనే సిద్ధం కావాలి: ఆడమనిషి, ముప్ఫై ఏళ్లు, తెల్లవారి నాలుగింటి నుంచి విరేచనాలు, పదిహేనుసార్లు పైన, మా చేతికి వచ్చినప్పుడు నాడి అందలేదు, ఫోనులో డాక్టరు చెప్పాక రింగర్ లాక్టేట్ లీటరున్నర వెళ్లింది, ఇప్పుడు నాడి 110, ఒంటేలు ఇంకా రాలేదు, అదే ఊళ్లో ఇంకో ఇద్దరికి మొదలైంది. ఆ ఆఖరి ముక్క విన్న డాక్టరు ఫోను తీసి జిల్లా ఆరోగ్య అధికారికి చెబుతారు. రోగితో వచ్చిన అత్తకు ఒడియా రాదు. ఆమెను బెంచీమీద కూర్చోబెట్టి, కోడలిని ఏ గదిలోకి తీసుకెళ్లారో, మళ్లీ ఎవర్ని అడగాలో ఆమె మాటలో చెప్పి, అప్పుడు బండి కడగడానికి వెళ్లాలి.